లిఫ్ట్ బాగానే ఉందని చెప్పండి

లిఫ్ట్ రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఆగిపోయింది. లోపల ఆమె ఒక్కతే ఉంది. ఆ భవనం మూడో అంతస్తులో కళ్లజోళ్ల షాపు ఉంది. వచ్చినవాళ్లకి చూపు పరీక్ష చేసి అద్దాల నంబరు రాసివ్వడం ఆమె పని. మొదట బటన్లన్నీ నొక్కింది. తరువాత తలుపు బాదింది. చివరికి ఊపిరాడటం లేదనిపించి మూలకి ఒదిగి కూర్చుంది.

అవతల నుంచి ఒక మగ గొంతు వినిపించింది.

"లోపలున్నవారూ, నేను లిఫ్ట్ మెకానిక్‌ని. కాస్త టైం పడుతుంది. అప్పటిదాకా ఓ కథ చెప్పనా?"

"ముందు తలుపు తియ్యండి."

"తీస్తూనే చెప్తా. ఒక ఆఫీసులో ఫ్రిజ్ ఉద్యోగం చేస్తుంటుంది."

"ఫ్రిజ్‌లో ఉద్యోగమా?"

"కాదండీ, ఫ్రిజ్జే ఉద్యోగి. మీటింగులకి వస్తుంది, ఒక్క మాట మాట్లాడదు. ఇంత నెమ్మదస్తురాలు మరొకరు లేరని మేనేజర్‌ని చేసేస్తారు. పక్క సీటాయన కుళ్లుకుని సెలవు పెట్టేస్తాడు."

తాగి పనికొచ్చారా అని ఆమె కోపంగా అడిగింది. ఆ కోపంలో భయపడటం మరిచిపోయింది. తలుపు తెరవగానే ఫ్రిజ్ లోపల లైటు వెలిగిందనీ, అది చిరునవ్వనుకుని ఆఫీసంతా మురిసిపోయిందనీ అతను చెప్పేసరికి ఇక ఆపుకోలేకపోయింది. లిఫ్ట్ తెరుచుకునేటప్పటికి కళ్లు తుడుచుకుంటోంది. ఏడ్చిందనుకుని అతను కంగారుగా మంచినీళ్ల సీసా అందించాడు.

అది అతను కల్పించిన కథ కాదు. జపాన్ వాళ్ల యానిమే, అంటే కార్టూన్ బొమ్మల సీరియల్. అలాంటి తలాతోకా లేని కామెడీలంటే అతనికి ప్రాణం. ప్రతి నెలా లిఫ్ట్ సర్వీసుకి వచ్చినప్పుడు, పని ముగించుకుని మూడో అంతస్తు వరండా కిటికీ దగ్గర ఆగేవాడు. ఆమె టీ కప్పుతో బయటికి వచ్చేది. అతను ఆమెని 'థర్డ్ ఫ్లోర్ గారూ' అని పిలిచేవాడు. షాపులో అతనికి 'లిఫ్ట్ అబ్బాయి' అని పేరు పడింది.

ఏ యానిమే చూడాలో ఎవరికి పడితే వాళ్లకి తను చెప్పనన్నాడు. ముందుగా ఆమెకి ఎక్కడ నవ్వొస్తుందో అడిగాడు. అందరూ సీరియస్‌గా ఉన్నచోట వస్తుందని, చిన్నప్పుడు ప్రిన్సిపాల్ ఉపన్యాసాల్లో నవ్వి ఎన్నోసార్లు తిట్లు తిన్నానని ఆమె ఒప్పుకుంది.

"అయితే మీరు మా మనిషే," అన్నాడు.

సేనాపతికి ఒక సాక్సు కనబడక యుద్ధమే మొదలుకాని సీరియల్ చూడమన్నాడు. స్టేషన్ మాస్టర్ ఒక బాతు అయినా ఎవ్వరూ ఆశ్చర్యపోని సీరియల్ ఇంకొకటి. మొదటి ఎపిసోడ్‌కి నవ్వు రాకపోతే కంగారుపడొద్దనీ, అర్థం వెతకడం మానేశాకే నవ్వొస్తుందనీ చెప్పాడు.

ఆమె ఇంట్లో నానమ్మతో కలిసి చూసేది. మాటలన్నీ తెలుగులో చెప్పేది. నానమ్మ ఒక్కసారీ నవ్వేది కాదు. అన్నిటినీ సొంత మనుషుల కష్టసుఖాల్లాగే చూసేది. "ఆ బాతు ఎన్నాళ్లని ఒంటరిగా ఉంటుందే? దానికీ ఓ తోడుండాలి కదా," అని, బాతుని వదిలేసి మనవరాలి వైపు చూసేది.

మనవరాలు మాత్రం వరండా కిటికీ గురించే ఆలోచించేది. అతనికి చెప్పాల్సిన మాటలు నెలంతా పోగేసుకునేది. లిఫ్ట్ గంట మోగితే చాలు, చూపు అద్దాల తలుపు మీదికి పోయేది. ఓ పెద్దాయన చేత ఒకే వరుస మళ్లీ మళ్లీ చదివించి, "నా కళ్లు బాగానే ఉన్నాయమ్మా, నీవే ఓసారి చూపించుకో," అనిపించుకుంది.

ఇంతలో మేనత్త ఒక సంబంధం తెచ్చింది. వాళ్లు వచ్చే రోజు ఆమె సెలవు పెట్టింది. అబ్బాయి మంచివాడు, మర్యాదస్తుడు. ఇద్దరినీ మాట్లాడుకోమని వదిలినప్పుడు, ఆమె ఫోన్‌లో సాక్సు పోయిన సేనాపతిని చూపించింది. అతను ఆసాంతం శ్రద్ధగా చూశాడు.

"బాగుందండీ. ఇంతకీ ఇందులో మెసేజ్ ఏంటి?"

అతను తప్పేమీ అనలేదు. కానీ ఆ క్షణంలో ఆమె కళ్లు, గోళ్లలో గ్రీజు వదలని ఆ లిఫ్ట్ అబ్బాయి కోసం పక్కకి వెతికాయి. ఆ సంబంధం వద్దంది. మేనత్త అలిగి వెళ్లిపోయింది.

ఆ తరువాత సర్వీసుకి వేరే కంపెనీ మనిషి వచ్చాడు. మరుసటి నెలా అతనే. ఎప్పుడూ వరండాలోనే కలిసేవాళ్లు గనక ఫోన్ నంబరు అడగాలని ఇద్దరికీ తోచలేదు. కొత్తాయన పనిమంతుడు. లిఫ్ట్ ఎక్కడా ఆగేది కాదు. బాగా పనిచేసే లిఫ్ట్ మీద ఎవరికైనా కోపం వస్తుందా? ఆమెకి వచ్చేది. కొత్త సీరియళ్లు తనే వెతుక్కుని చూసేది. నవ్వు వచ్చేది, ఇది అతనికి చెప్పాలనుకునేది, ఆ నవ్వు సగంలోనే ఆగిపోయేది. నానమ్మ గమనిస్తూనే ఉంది.

ఒక రోజు వాన దంచికొడుతోంది. షాపులో బేరాల్లేవు. ఫ్రేములు చూపించే అమ్మాయి కౌంటర్ తుడుస్తూ, మాటల మధ్యలో అంది.

"ఆ లిఫ్ట్ అబ్బాయి, నువ్వు సెలవు పెట్టిన రోజు వచ్చాడే. ఇక్కడ వాళ్ల కంపెనీ కాంట్రాక్ట్ అయిపోయిందట, నీకు చెప్పి వెళ్దామని. సంబంధం వాళ్లు వచ్చారని చెప్పా."

"ఏమన్నాడు?"

"ఏం లేదండీ, లిఫ్ట్ బాగానే ఉందని చెప్పండి అన్నాడు."

ఆమె పర్మిషన్ అడిగి, గొడుగు తీసుకుని బయటపడింది. అతను పనిచేసే లిఫ్ట్ కంపెనీ ఆఫీసుకి వెళ్తే, అతను పెద్దాసుపత్రిలో పని మీద ఉన్నాడన్నారు. అక్కడికి చేరేసరికి గొడుగున్నా సగం తడిసిపోయింది. అతను స్ట్రెచర్లు తీసుకెళ్లే లిఫ్ట్ ముందు పనిముట్లు పరుచుకుని కూర్చుని ఉన్నాడు. ఆమెని చూసి లేవబోయి, లేవడం మరిచిపోయాడు.

"థర్డ్ ఫ్లోర్ గారూ. లిఫ్ట్ ఆగిందా?"

"ఆగడం లేదు. అదే నా బాధ."

అతను చేతులు తుడుచుకున్నాడు. తుడిచిన చేతులే మళ్లీ తుడుచుకుంటూ, పెళ్లెప్పుడని అడిగాడు.

"కుదరలేదు."

"అయ్యో. ఏం?"

"సాక్సు కథ చూపించాను. మెసేజ్ ఏంటని అడిగాడు."

ఆమె కోసం బాధపడాలని అతను శాయశక్తులా ప్రయత్నించాడు. మొహం గంభీరంగా పెట్టాడు గానీ, పెదవులు మాట వినలేదు. అది చూసి ఆమెకి నవ్వొచ్చింది. ఇద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వుతుంటే, అటుగా వెళ్తున్న నర్సు ఇది ఆసుపత్రి అని కసిరింది. నవ్వు ఆగాక ఆమె తడిసిన గొడుగుని గోడకి ఆనించింది.

"మళ్లీ ఒక్కసారైనా ఎందుకు రాలేదు?" అని ఆమె అడిగింది.

"ఏమని రావాలో తెలీలేదు. తర్వాత ఆ సీరియళ్లు చూడ్డమే మానేశా. ఏది చూసినా ఇది మీకు చెప్పాలనిపించేది. నవ్వొచ్చే చోటల్లా గుబులేసేది."

"ఇకమీదట నాకేదీ రికమెండ్ చెయ్యొద్దు."

అతని మొహం వాడిపోయింది.

"కలిసే చూద్దాం," అంది ఆమె.

అతను పక్కనున్న స్పానర్ తీసి, మళ్లీ అక్కడే పెట్టాడు. "రోజూనా?" అన్నాడు, మెల్లగా.

"రోజూ."

ఆదివారం అతను ఇంటికి వచ్చాడు. నానమ్మ ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఇంట్లో ఎవరెవరున్నారో, ఏ వేళకి తింటాడో ఓపిగ్గా కనుక్కుంది. అన్నీ అయ్యాక కళ్లజోడు తీసి చేతిలో పట్టుకుంది.

"మా పిల్ల ఈ మధ్య నవ్వు సగంలో ఆపేస్తోంది నాయనా. అది నీ వల్లేనా?"

అతను తల వంచుకుని అవునన్నాడు.

"అయితే ఆ మిగతా సగం సంగతి నువ్వే చూసుకో. మీ అమ్మగారిని ఎప్పుడు తీసుకొస్తావు?"

వంటింటి గుమ్మంలో మంచినీళ్ల గ్లాసుతో నిలబడిన ఆమె, అతని జవాబు వినడానికి ఓ అడుగు ముందుకి వేసింది.

"కింద ఆటోలోనే ఉందండీ," అన్నాడు అతను. "మీరేమంటారో చూసి పిలుద్దామని."