రెండే నెలలమ్మా...

స్కెల్డన్ చర్చిని ఆనుకుని ఒక చిన్న రాతి గది ఉంది. చీకటి పడితే మా ఊరి కుక్కలు కూడా ఆ వైపు పోవు.

పెళ్ళిళ్ళు, బాప్తిస్మాలు రాసే పుస్తకాలు ఆ గదిలోనే ఉంటాయి. దాని నేల కింద లేడీ ఆనర్ సమాధి. మా దొరగారు సర్ జెర్వస్‌కి తల్లి ఆవిడ. ఆవిడని అక్కడ పెట్టిన దగ్గర్నుంచీ, అంటే పంతొమ్మిదేళ్ళుగా, గాలి లేకపోయినా లోపల కాగితాలు తిరిగే చప్పుడు వస్తుందని చెప్పుకునేవాళ్ళు.

1790 చలికాలంలో సంగతి ఇంకా ముదిరింది. కిటికీలో దీపం... గొలుసు చప్పుడు... ఆ తరవాత ఒక మూలుగు—

"రెండు నెలలు... రెండే నెలలమ్మా..."

విన్న పాలవాడు బిందె అక్కడే వదిలేసి పరిగెత్తాడట.

ఇక టబితమ్మగారి సంగతి. నేను దొరగారి ఇంట్లో రాతకోతలు చూసే గుమాస్తాని. ఇదంతా ఆవిడే స్వయంగా నాకు చెప్పారు. అప్పటికి ఆవిడ ఉన్నిబట్టల వ్యాపారి కూతురు, వయసు ఇరవై. దొరగారి ఒక్కగానొక్క కొడుకు మైల్స్‌తో పెళ్ళి కుదిరి, తండ్రితో సహా దొరగారింటికి వచ్చి ఉన్నారు.

కుదిరిందే గానీ జరగదే! దొరగారు మొదట కాలు వాపు అన్నారు. తరవాత ఇంటికప్పు కారుతోందన్నారు. ఆ తరవాత నక్కల వేట అయిపోనీ అన్నారు. పిల్ల తండ్రికి తిక్క రేగింది.

"మీ వంశం కాగితం రాసిమ్మని అక్టోబరులో అడిగాను. నాలుగు తరాల పేర్లు రాయడానికి మూడు నెలలా? ఎల్లుండికల్లా ముహూర్తం చెప్పకపోతే మా బండి కట్టించుకుంటాం."

మైల్స్ మొహం పాలిపోయింది. టబితమ్మగారు మాత్రం లేచి లాంతరు అందుకున్నారు.

"నాలుగు పేర్లేగా. పావుగంట పని. నేనే రాసుకొస్తాను."

సాయంత్రం ఐదు. డిసెంబరు కదా, అప్పటికే కాటుక చీకటి. చర్చి వాకిట్లో కాటికాపరి నహూమ్ అడ్డం వచ్చాడు.

"ఆ గదికా తల్లీ? పీపాడు బీరు పోయిస్తానన్నా నేను రాను."

"రెండు పీపాలైతే?"

"రెండైతే గుమ్మం దాకా వస్తాను. లోపలికి మాత్రం ఆ రెండూ తాగినా రాను."

ఆవిడ నవ్వుకుంటూ ముందుకి నడిచారు. నాలుగడుగులు వేశాక నవ్వు ఆగిపోయింది.

కిటికీలో దీపం.

గొలుసు చప్పుడు... ఒకసారి... మళ్ళీ...

"రెండే నెలలమ్మా... ఎందుకు చెప్పలేదు..."

పారిపోదామనే అనిపించిందని ఆవిడ ఒప్పుకున్నారు. అయినా వెనక్కి తిరిగితే ఎల్లుండి బండి ఎక్కాలి. మైల్స్‌తో పెళ్ళి ఉండదు. ఊపిరి బిగబట్టి తలుపు తోశారు.

గొలుసు వేసి ఉంచే పుస్తకాల ఇనపపెట్టె ముందు తెల్లని ఆకారం. నెత్తి మీంచి మోకాళ్ళ దాకా తెలుపు. మెల్లగా... ఇటు తిరిగింది.

"మామయ్యగారూ!"

విగ్గు తీసేసి, చలికి తెల్ల శాలువా కప్పుకున్న సర్ జెర్వస్! ఆయన కెవ్వుమన్న కేకకి బయట నహూమ్ గేటు దూకేశాడు.

"నువ్వా తల్లీ... గుండె ఆగినంత పనైంది. వచ్చావు కాబట్టి నీకైనా చెప్పాలి. నేను బారోనెట్‌ని కాను, తండ్రి నుంచి కొడుక్కి వచ్చే ఈ 'సర్' బిరుదు నాది కాదు."

"అయ్యో, జ్వరమా?"

"జ్వరమైతే బాగుండు. మీ నాన్న అడిగిన కాగితం కోసం ఈ పుస్తకాలు తీశాను. ఇదిగో, మా అమ్మానాన్నల పెళ్ళి— 1744 ఏప్రిల్ ఇరవై. ఇదేమో నా బాప్తిస్మం— 1744 ఫిబ్రవరి పన్నెండు. పెళ్ళికి రెండు నెలల ముందే పుట్టాను! పెళ్ళికి ముందు పుట్టినవాడికి బిరుదు రాదు. నాకే లేనిది నా కొడుక్కి ఎక్కణ్ణించి వస్తుంది? నిన్ను మోసం చేసి కోడల్ని చేసుకోనా? నోరు విప్పితే సమాధిలో ఉన్న అమ్మ పరువు పోతుంది. మా అమ్మ నా వయసులో ఒక ఏడు తగ్గించి చెప్పింది కూడా. నలభై అయిదు అనుకున్నాను, నలభై ఆరు!"

అంటూ రెండు చేతులూ పైకెత్తి, పది వేళ్ళ మీదా మళ్ళీ నెలలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. టబితమ్మగారు ఒక చేత్తో లాంతరు ఎత్తి, రెండో చెయ్యి ఆయన భుజం మీద వేశారు.

అప్పుడు పుస్తకంలో పేజీ వెనక్కి తిరిగింది.

ఆవిడ చూపు ఆ పేజీ చివరి వరస మీద పడింది. ఒక్క క్షణం... అంతే, పకపకా నవ్వారు.

"మామయ్యగారూ, మీ పేరుకి ముందు వరస చూడండి. 1744 డిసెంబరు! డిసెంబరు అయ్యాక వచ్చిన ఫిబ్రవరి మీది."

"డిసెంబరు తరవాత... అదే ఏడు ఎలా ఉంటుంది?"

"ఆ రోజుల్లో కొత్త సంవత్సరం మార్చి ఇరవై అయిదుకి కదా వచ్చేది! జనవరికి మార్చింది 1752లో. అప్పటికి మీరు ఏడేళ్ళ పిల్లాడు. మా నాయనమ్మ ఉత్తరాలన్నీ ఇలాగే ఉంటాయి. ఏప్రిల్‌లో పెళ్ళి, ఆ వచ్చే ఫిబ్రవరిలో మీరు. పది నెలలకి ఎనిమిది రోజులు తక్కువ. ఊళ్ళో ఏ ముసలాణ్ణి అడిగినా చెప్పేవాడు!"

"అడగడానికి మొహం ఉంటేగా తల్లీ..." అంటూ దొరగారు పెట్టె మీద కూలబడ్డారు. కాసేపటికి కళ్ళు తుడుచుకుని, "అయితే నాకు నలభై అయిదే!" అన్నారు.

క్రిస్మస్ మర్నాడే పెళ్ళి. నహూమ్‌కి రెండు పీపాలూ ముట్టాయి.

మరుసటి ఏడు టబితమ్మగారి పాపకి బాప్తిస్మం జరిగింది. ఆనర్ అని పేరు పెట్టారు. ఆ రాతిగదిలోనే, ఆ ఇనపపెట్టె మీదే మామా కోడలూ పేరు రాయించారు. ఫాదరుగారు వెళ్ళిపోయాక దొరగారు మురిసిపోతూ అన్నారు—

"ఆ రోజు నువ్వు పేజీ వెనక్కి తిప్పబట్టి గానీ..."

"నేనా? మీరు కదా తిప్పింది?"

"నా పది వేళ్ళూ నెలల లెక్కలో ఉన్నాయిగా!"

టబితమ్మగారు నోట్లోనే లెక్క వేసుకున్నారు. ఒక చేతిలో లాంతరు. ఒకటి ఆయన భుజం మీద. ఆయనవి రెండూ గాలిలో.

నాలుగు చేతుల లెక్కా తేలిపోయింది...

కిటికీ మూసే ఉంది. దీపం కదలడం లేదు. దొరగారు నెమ్మదిగా టోపీ తీసి, నేల వైపు చూసి, "చల్లగా ఉండమ్మా, నీ మనవరాలి పాప అచ్చం నీ పోలికే" అన్నారు.

"మనవడి పాప" అనబోయి అలా అన్నారు. పొరపాటు దిద్దుకునేలోపు—

పెట్టె మీద పుస్తకంలో, ఒక పేజీ తిరిగింది.