పాటకు ముందే వచ్చే గొంతు

ఆ లైబ్రరీ మేడ మీది పాటల రికార్డుల గదికి మంచి పేరు లేదు. గాయని పాట ఎత్తుకోకముందే అక్కడ ఇంకెవరో పాడేస్తారట! చీకటి పడితే ఊడ్చే మనిషి కూడా ఆ మెట్లెక్కదు.

మన చెవుల బాబాయి మాత్రం ఎక్కాడు. ఎక్కక ఏం చేస్తాడు? ముప్పై ఏళ్లుగా పత్రికలో ఒపేరా అనే విదేశీ పాటల నాటకాల రికార్డుల మీద, పాటల సినిమాల మీద రాసే మనిషి. "సినిమాలో పెదవి ఒకరిది, గొంతు ఇంకొకరిది. ఒపేరాలో ఆ దొంగాట సాగదు" అని కనిపించినవాళ్లందరితో దెబ్బలాడే రకం. అలాంటివాడికి చెవులు మందగించాయని ఎవరో ఎడిటరు చెవిన వేశారు. ఈ వారం రాసింది తేడాగా ఉంటే ఇక శీర్షిక లేదని ఆయన తేల్చేశాడు.

ఆయనకో అలవాటుంది. పాటకు ముందుండే నిశ్శబ్దంలో సౌండు పూర్తిగా పెంచి, గాయని ఊపిరి తీసుకోవడం వింటేగానీ కలం పట్టడు. ఆ రాత్రీ అంతే. రికార్డు పెట్టాడు. ముల్లు దించాడు. సౌండు పెంచాడు...

సన్నగా... ఎక్కడో గోడ అవతల నుంచి... ఆడగొంతు!

ఒక్క క్షణం. తరవాత అదే పాట, అసలు గొంతుతో, గది అదిరిపోయేలా—

బాబాయికి పైప్రాణాలు పైనే పోయాయి. "అమ్మాయ్!" అని కేక పెట్టాడు.

కింద తాళాలు వేసుకుంటున్న లైబ్రరీ అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. సంగతి విని పకపకా నవ్వింది.

"దెయ్యమూ లేదు, భూతమూ లేదు బాబాయ్! పాత రికార్డుల్లో ముల్లు తిరిగే గాడులు మరీ దగ్గరగా ఉంటాయి. రాబోయే పాట పక్క గాడిలోకి కాస్త దిగుతుంది. అందుకే ముందు చిన్నగా, ఒక చుట్టు తిరిగాక పెద్దగా. అంత సన్నటిది వినిపించిందంటే మీవి పాముచెవులే!"

బాబాయికి ఏనుగెక్కినంత సంబరం. "విన్నావా? ఎవడే నాకు చెముడన్నది!" అన్నాడు. ఆమె నవ్వుకుంటూ కిందికి దిగిపోయింది.

బాబాయి రికార్డు రెండో వైపు తిప్పి పెట్టాడు. సౌండు పెంచాడు. పరాయి భాష ఒపేరా. నిశ్శబ్దం...

గోడ అవతల నుంచి, సన్నగా, మన తెలుగులోనే—

"బాబాయ్... బాగానే వినిపిస్తోందే నీకు!"

చిన్నగా వచ్చేసింది. ఇక పెద్దగా రావాలి...

రికార్డు తిరుగుతూనే ఉంది. ముల్లు ఎత్తడానికి చెయ్యి రాలేదు. ముప్పై ఏళ్లు ఆ చెవుల మీదే బతికిన మనిషి, రెండు చేతులతో వాటిని గట్టిగా మూసుకుని—

"దేవుడా... నాకు నిజంగానే చెముడు రానీ!" అని వేడుకున్నాడు.