ఆరు ఆదివారాల రికార్డింగ్

"మిషిన్ ఇంత పెద్దగుంది, నీ దిల్ ఎందుకు ఇంత చిన్నగుంది మిస్త్రీ?"

వాళ్ల అవ్వ పాట టేపులో నింపమని అడగడానికి వచ్చి, మంగళ నన్ను దెప్పిన మొదటి మాట ఇది. దానికి ముందు నేనన్న మాట ఇంకా అన్యాయంగా ఉంది లెండి. "ముసలోళ్ల పాటలు నింపెతందుకు బజార్ల దుకాన్లున్నయి. నా డెక్ దానికి కాదు" అన్నాను.

నా క్యాసెట్ డెక్ గురించి చెప్పకపోతే నా పొగరు మీకు అర్థం కాదు. ఆ ఏడు, అంటే 1986లో, దానికి పదేళ్ల వయసు. జపాన్‌ది, చెరపడానికి, నింపడానికి, వినిపించడానికి వేరువేరుగా మూడు హెడ్లది. వెండి రంగు పలక, చప్పుడు కొలిచే రెండు మీటర్లు, వాటిలో ఊగే ముళ్లు. మలబార్ హిల్‌లో ఒక సేఠ్ కాలిపోయిందని పారేస్తుంటే, రిపేరు షాపులో పనిచేసే నేను ఎత్తుకొచ్చి ఎనిమిది నెలలు కూర్చుని బాగుచేశాను. కామాటిపుర పదకొండో గల్లీలో, ఇరుకు వరస గదుల చాల్‌లో మాది పదడుగుల గది. అందులో మంచి మూల దానికే ఇచ్చాను. "నీకిచ్చే పిల్ల ఆ డబ్బాకు సవతై రావాలె" అనేది మా అమ్మ.

మంగళ వాళ్లది పై అంతస్తు. మునిసిపల్ మరాఠీ స్కూల్లో చదివి, ఒక టైలరింగ్ షాపులో చొక్కాలకు కాజాలు కుట్టేది. వాళ్ల అవ్వ లచ్చమ్మ పాలమూరు నుంచి వచ్చి ముప్ఫై ఏళ్లు ఈ ఊరి మేడల మీద గచ్చు కొట్టింది. ఆడవాళ్లు వరసగా కూర్చుని చెక్క బద్దలతో సున్నం గచ్చును కొడుతూ పాడే పాటలు ఆమెకు నోటినిండా ఉన్నాయి.

"దసరా ఎల్లినంక నన్ను పాలమూరుకు తోల్కపోతరు," అంది మంగళ. "మేనబావకు ఇస్తరంట. అవ్వ గొంతు అక్కడ నాకు ఎవలు ఇనిపిస్తరు? ఒక్క పాట నింపియ్యి, బస్."

ఆ "బస్" అన్నప్పుడు ఆమె కళ్లు డెక్ మీద లేవు. నేను ఒప్పుకున్నాను. కాకపోతే ఒక షరతు పెట్టాను. పాట తప్ప టేపులో ఇంకేదీ పడకూడదు.

మొదటి ఆదివారం గాజులు పడ్డాయి. అవ్వ రెండో చరణంలో ఉండగా మంగళ జడ సర్దుకుంది. మీటర్లో ముల్లు ఎగిరింది. నేను టేపు వెనక్కి తిప్పాను.

"గాజులు తీసి రా."

"తియ్యనియ్యదు అవ్వ."

"అయితే చేతులు కదపకు."

"ఊపిరి తీసుకుంటే నడుస్తదా మిస్త్రీ?"

రెండో ఆదివారం మంగళ దగ్గింది. మూడో ఆదివారం పాట మధ్యలో, "అవ్వా, ఇది ఏ బిల్డింగు మీద పాడినవ్?" అని అడిగింది. అవ్వ పాట ఆపి ఆ బిల్డింగు చరిత్ర మొత్తం చెప్పింది. ప్రతిసారీ అదే టేపు వెనక్కి తిప్పడం, మళ్లీ మొదటినుంచి నింపడం. ఇంతలో అవ్వ గొంతు అలిసిపోవడం.

నాలుగో ఆదివారం వాన. గది ముందు గ్యాలరీ రేకుల మీద అంత చప్పుడవుతుంటే మైకు పెట్టి లాభం లేదు. అవ్వ ఒక కునుకు తీసింది. మేమిద్దరం గ్యాలరీలో నిలబడి, చెప్పులు చేత్తో పట్టుకుని గల్లీ నీళ్లలో నడిచేవాళ్లను చూస్తూ రెండు గంటలు గడిపాం.

"వాన మీద కోపం రాలేదా?" అని అడిగింది.

"ఇయ్యాల రాలేదు."

ఆమె నవ్వి, తడిసిన ఓణీ కొస పిండుకుంటూ అటు తిరిగింది. ఆ రోజే చెప్పి ఉండాల్సింది. మంగళ లేకపోతే నాకు దిక్కుతోచదని అప్పటికే నాకు తెలుసు. కానీ చేతిలో పని పెట్టుకుని ఇంకో మాట ఎత్తని మిస్త్రీ బుద్ధి నాది. పాట పూర్తవనీ, అప్పుడు చెబుదాం అనుకున్నాను.

ఐదో ఆదివారం నా ముఖం చూసి పకపకా నవ్వింది. ముల్లు చివరిదాకా పోయి కొట్టుకుంది. ఈసారి నాకు నిజంగానే ఒళ్లు మండింది.

"నీకు పాట కావాలెనా, వద్దా?"

"కావాలె. జల్దీ ఏముంది?"

"దసరా రెండు వారాలే ఉంది."

"గది నాకు ఎరుక లేదా?" అంది. గొంతు మారిపోయింది. నేను దూదితో హెడ్లు తుడుచుకుంటూ ఉండిపోయాను.

ఆరో ఆదివారం రికార్డ్ బటన్ నొక్కానో లేదో, కింద నల్లా వచ్చిందని కేక వినిపించింది. అమ్మకు మోకాళ్ల నొప్పులు. నీళ్ల హండా పట్టుకుని పరుగెత్తాను. డెక్ ఆపడం మరిచాను.

తిరిగొచ్చేసరికి టేపు మూడు నిమిషాలు తిరిగింది. మంగళ మైకు ముందు నుంచి లేచి గోడకు ఆనుకుంది. అవ్వ తల వంచుకుని కూర్చుంది. నేను టేపు వెనక్కి తిప్పుతుంటే మంగళ, "ఒక్కసారి ఇను" అంది.

"ఏమున్నదని ఇనాలె? పాట లేదు కదా."

"పాట లేదు. అయినా ఇను."

"అవ్వ అలిసిపోతది. ఊకెనే ఖాలీపీలీ టైం ఖరాబు" అని రికార్డ్ బటన్ నొక్కాను.

ఆమె తనంతట తనే గ్యాలరీలోకి వెళ్లి తలుపు దగ్గరకు వేసింది. అవ్వ పాడింది.

"సున్నపు గచ్చు మీద సూరీడు వాలే, కొట్టవే పిల్లా కొట్టు, పొద్దింక ఉన్నదే..."

ఏడు నిమిషాలు. గాజులు లేవు, దగ్గు లేదు. అంత శుభ్రమైన రికార్డింగ్ నా చేతిమీదుగా ఎప్పుడూ రాలేదు. సంబరంగా తలుపు తీశాను. మంగళ కళ్లు ఎర్రబడి ఉన్నాయి. అవ్వ పాట విని ఏడ్చిందనుకున్నాను.

మర్నాడు షాపులో ఇంకో డెక్ మీద కాపీ తీసి ఆమెకిచ్చాను. అసలు టేపు నా దగ్గరే ఉంచుకున్నాను. "మంచిగొచ్చింది మిస్త్రీ" అంది. ఇక చెబుదామని నోరు తెరిచేసరికి ఆమె మెట్లెక్కేసింది. ఆ తర్వాత రెండుసార్లు పైకి వెళ్లాను. బయటికి రాలేదు. దసరా మూడోనాడు రైలెక్కించారు.

కార్తీకంలో పెళ్లి చేసి అవ్వ తిరిగొచ్చింది. పైకి వెళ్లి, "మంగళ మంచిగుందా అవ్వా?" అని అడిగాను.

"మంచిగనే ఉంది. పిల్లగాడు నెమ్మదస్తుడు." అవ్వ నా వైపు చూసింది. "రాజలింగం, ఆ పోరి కావాలని దగ్గింది, కావాలని నవ్వింది. పాట అయిపోతే మల్ల నీ గదికి ఏం సాకు పెట్టుకుని రావాలె? నీకు మిషిన్ల ముల్లు కనబడ్డది గాని, పోరి కనబడలే."

నేను గడపలోనే కూర్చుండిపోయాను.

"నువ్వు నీళ్లకు పోయిననాడు, నీ మొకం మీద చెప్పనీకి సిగ్గయి అంతా మిషిన్ల చెప్పింది. ఇనమంటే ఇనకపోతివి. దాని కండ్ల ముందే చెరిపితివి. గదే నీ జవాబనుకున్నది."

"నాకు అప్పుడే చెప్పరాదా అవ్వా?"

"చెప్పొద్దని ఒట్టేయించుకున్నది. అడుక్కుని చేసుకున్నట్టయితదంట."

"ఏమన్నది? ఒక్క మాట చెప్పు."

అవ్వ కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇప్పుడది ఇంకొకని పెండ్లాం మాటయితది బిడ్డా. నా నోటితోని చెప్ప."

కిందికి వచ్చి టేపు పెట్టాను. పాటకు ముందు ఐదారు సెకన్ల ఖాళీ ఉంది. వాల్యూమ్ చివరిదాకా తిప్పి, స్పీకర్‌కు చెవి ఆనించి విన్నాను. వెనక్కి తిప్పి మళ్లీ విన్నాను. చవక రికార్డర్లయితే పాత గొంతును పూర్తిగా చెరపలేవు, కొత్త పాట కింద ఎక్కడో గొణుగుతున్నట్టు మిగిలిపోతుంది. అలాంటివి షాపుకు వస్తే నేనే బాగుచేసి ఇచ్చేవాణ్ణి. నాది మంచి డెక్. అందులో ఏమీ లేదు.

అమ్మ స్టవ్ ఆపి వచ్చింది. "ఏం ఇంటున్నవ్ రా గంత గనం? దాంట్ల సప్పుడే లేదు."

"మంగళను ఇంటున్ననమ్మా" అన్నాను.

ఆ పేరు అమ్మ దగ్గర ఎత్తడం అదే మొదటిసారి.