ఓవర్చర్ దాటని యోహాన్

…అయినా ఒకే నాటకానికి నాలుగు ఓవర్చర్లు రాయడం పిరికితనం కాదు, ఓపిక, అనుకున్నాడు యోహాన్. తెర లేవకముందు ఆర్కెస్ట్రా వాయించే ఆ కాస్త ముక్క కోసం ఆ జర్మన్ స్వరకర్త ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ కూర్చున్నాడు. తనూ అంతే. మిరియంతో ఆ మాట ఎత్తుదామని ఎనిమిది నెలల్లో ఎన్నిసార్లు మొదలుపెట్టలేదు? నోరు తెరిచిన ప్రతిసారీ బయటికొచ్చింది మాత్రం ఏదో ఒక ఓవర్చర్ వెనకున్న కథ.

అది తప్పించుకోవడమని తనకి తెలుసు. తెలిసే చేస్తున్నానని కూడా తెలుసు. ఇంత తెలియడమే తన జబ్బేమో.

"వింటన్నావా?" అంది మిరియం.

చర్చి మేడ మీద వాయిద్యాల గదిలో ఉన్నారిద్దరూ. చర్చి ఆర్కెస్ట్రాలో ఆమె మొదటి వయొలిన్, అతను రెండో వయొలిన్. మిగతా వేళల్లో అతను స్టీల్ ప్లాంటులో టెక్నీషియన్. ఆర్కెస్ట్రా నడిపేది ఆమె తండ్రి విజయరత్నం మాస్టారు. ప్రతి కచేరీకీ, వాయించబోయే ఓవర్చర్ కథ ఒక పేజీలో రాసి మాస్టారికివ్వడం యోహాన్ వంతు.

"రేపు కచేరీకి పెందుర్తి నుంచి వస్తారంట. అత్త తెచ్చిన సంబంధం. పాట వింటారంట, నన్ను చూస్తారంట. రమ్మని చెప్పాలా వద్దా అని నాన్న పొద్దుట్నుంచి ఫోన్ పట్టుకుని తిరగతన్నారు. మధ్యాహ్నం చెప్తానన్నాను నాను."



"స్కాట్లండ్ వెళ్లిన ఒక కుర్రాడు," అన్నాడు యోహాన్, "ఇంటికి రాసిన ఉత్తరంలో ఓవర్చర్ మొదటి స్వరాలు రాసి పంపాడు. ఆ సముద్రతీరం చూసి మాటలు చాలక…"

"నయమే. ఉత్తరమైనా రాసాడు."

ఆమె లేచి బయటికెళ్లింది. తలుపు మూసుకుంది. తాళం పడిన చప్పుడు. కాసేపటికి కింద ఆవరణలోంచి గొంతు వినిపించింది. యోహాన్ కిటికీ దగ్గరికెళ్లాడు. సన్నగా తుంపర. గొడుగు కింద మిరియం.

"నువ్వు నాకు చెప్పని కథ ఒకటి చదివాను. ఇటలీలో ఒకాయన ఓవర్చర్ రాయకుండా రోజులు గడిపేస్తంటే థియేటరు మేనేజరు గదిలో పెట్టి తాళం వేసాడంట. రాసిన కాగితం రాసినట్టు కిటికీలోంచి పడెయ్యాలి. కాగితాలు రాకపోతే మనిషినే పడెయ్యమన్నాడంట."

"అది ఆయన తర్వాత చెప్పుకున్న కథ. నిజమో కాదో…"

"రాయి."

"ఒంటిగంటకి నాకు బి షిఫ్ట్ బస్సుంది, మిరియం."

"అయితే తొందరగా రాయి."

బల్ల మీద దొరికిన కాగితాలు తిప్పి రాయడం మొదలుపెట్టాడు. మొదటిది గాలికి వంకరగా దిగింది. మిరియం పట్టుకుని పైకే చదివింది.

"'ఈ ఎనిమిది నెలల సంగీత ప్రయాణంలో…' ఏటిది, వీడ్కోలు సభా?"

రెండోది దిగింది.

"ఇందులోకి మీ షిఫ్ట్ ఇన్‌ఛార్జి ఎందుకొచ్చాడు?"

"నేపథ్యం."

"నేపథ్యం చాలు."

అప్పుడే మాస్టారు వచ్చారు. ఒక చేతిలో ఫోను, ఇంకో చేత్తో కింద తడుస్తున్న మూడో కాగితం తీశారు. అటూ ఇటూ తిప్పారు.

"ఏటమ్మా ఇది? రేపటి సెకండ్ వయొలిన్ పార్టు కదా. వెనకాల ఈ రాతేటి?"

"ప్రోగ్రాం నోట్ రాస్తన్నాడు నాన్నా."

"కిటికీలోంచా?" ఆయన తలెత్తారు. "బాబూ, రేపు ఏటి వాయిస్తావు, వానా? అవతల పెందుర్తోళ్లు లైన్లో ఉన్నారు. ఈ పిల్లేమో ఆగమంటది. దేనికాగాలో చెప్పదు."

మిరియం పైకి చూడలేదు. గొడుగు పిడిని గోటితో గీకుతోంది. ఆ గోరు ఆగకపోవడం మేడ మీదికి కూడా కనిపించింది. తన కథల్లాంటివే ఆమె వెటకారాలూ, అనిపించింది యోహాన్‌కి. ఎనిమిది నెలలుగా ఇద్దరూ ఒకే భయానికి రెండు రకాల బట్టలు తొడుగుతున్నారు. ఇంతసేపూ తన మనసులోకే చూసుకుంటూ, పక్కనున్న మనిషి మనసు చూడనేలేదు.

చిన్న కాగితం చింపాడు. ఒక్క వాక్యం రాశాడు: 'మిరియం, నిన్ను పెళ్లి చేసుకోవాలని ఉంది, నీకిష్టమేనా?'

చదువుకోలేదు. దిద్దలేదు.

"వాళ్లకేటి చెప్పమంటావు?" మాస్టారు ఫోను చేత్తో మూసి పైకే చూస్తున్నారు. కాగితం ఎవరి చేతిలో పడుతుందో గాలికే తెలియాలి.

యోహాన్ చేయి కిటికీ బయటికి చాచాడు. వేళ్ల మీద చినుకులు పడ్డాయి. వేళ్లు తెరిచాడు.