చెరిపేసిన ఫైల్లో సెలీనా

కొత్తగూడ ఫ్లైఓవర్ కింద సిగ్నల్ పడింది. ఎర్ర కారు అద్దం దించి, మల్లెపూల కోసం చెయ్యి బయటికి చాపిన సెలీనా ఆ చేతిని మళ్లీ లోపలికి తీసుకోలేదు. పక్కన ఆగిన బైకు మీద సైలెన్సర్ బిగించిన పిస్టల్ ఒక్కసారి దగ్గింది. సిగ్నల్ పచ్చబడేసరికి బైకు లేదు.

మూడో రోజు ఉదయం మూసాపేటలో, కర్టెన్ల షాపు వెనక గదిలో, చీఫ్ విశ్వేశ్వరరావు ఏజెంట్ హన్నాకి ఎదురుగా కూర్చున్నాడు.

"సెలీనా మనల్ని అమ్మేసిందమ్మా. విదేశీ ముఠాలోకి మనమే పంపించాం. వాళ్లు గుట్టుగా చొరబడిన సర్వర్ లాగ్‌లోనే, అంటే అది రాసుకునే చిట్టాలోనే, రోజూ కబురు పెట్టాలని ఏర్పాటు. మూడు వారాలుగా ఒక్క లైను లేదు. డబుల్ ఏజెంట్ కదా, అటే ఉండిపోయింది. పంపకాల్లో తేడా వచ్చి వాళ్లే లేపేసి ఉంటారు."

"అంత్యక్రియలకి మనవాళ్లు వెళ్లారా సార్?"

"వెళ్లొద్దని నేనే చెప్పాను."

హన్నా కూతురికి జ్వరం ముదిరినప్పుడు, "పిల్ల దగ్గరికి పోవే, నీ డ్యూటీ నేను కాస్తాలే" అని ఆమెని ఇంటికి తరిమిన మనిషి సెలీనా.

"మిషన్ విను," అన్నాడు చీఫ్. "నగరంలోని పిల్లల ఆసుపత్రులకు ఆక్సిజన్ ప్రెషర్ చూసేది ఆ సర్వరే. ఇవాళ సాయంత్రం నాలుగింటికి ముఠా దాన్ని ఆపేస్తుంది. ముఠాలో నిన్న పట్టుబడినవాడు అంతవరకే కక్కాడు. ఏ అకౌంట్‌తో లోపలికొస్తారో తెలీదు. అన్ని అకౌంట్లూ మూసేస్తే ఆక్సిజన్ మనమే ఆపినట్టవుతుంది. ఆ ఒక్కటీ పట్టుకో."

మధ్యాహ్నం హైటెక్ సిటీలోని ఓ అద్దాల బిల్డింగ్‌లోకి నెరిసిన విగ్గు, లావు కళ్లజోడు పెట్టుకున్న ఆడిటర్ మేడమ్ నడిచి వెళ్లింది. ఆమె మెడలో వేలాడే ఐడీ కార్డు మనిషిని పడగొట్టేంత కరెంటు మోస్తోందని సెక్యూరిటీకి తెలియదు.

సర్వర్లు చూసే నవ్య స్క్రీన్ తిప్పి లాగ్ చూపించింది. రోజూ అర్ధరాత్రి పాత ఫైలు చెరిగిపోయి కొత్త ఫైలు తెరుచుకుంటుంది. దాంట్లో అన్ని ప్రోగ్రాముల ఎంట్రీలూ ఉన్నాయి. లాగిన్ ప్రోగ్రాంవి మాత్రం లేవు.

"అవేమయ్యాయి?" అంది విగ్గులోని హన్నా.

"మాకు గూడ సమజైతలేదు మేడమ్. అది చాలదన్నట్టు డిస్క్ నిండింది. ఫైళ్లు చూస్తే ఇంతింతే. జర పరేషాన్‌లో ఉన్నం. రీస్టార్ట్ కొడితే సెట్ అయితది."

ఆ ఐటీ కారిడార్‌లో ఏ జబ్బుకైనా మొదటి మందు అదే.

వెనక నుంచి ఆపరేషన్స్ హెడ్ రంగనాథ్ వచ్చాడు. "కొట్టేయ్ పాపా, ఇంకా ఏంది చూసేది? మేడమ్‌కి కాఫీ చెప్పు."

నవ్య వేలు ఎంటర్ మీదికి వెళ్లింది. ఫైళ్లు చిన్నవి, డిస్క్ నిండింది. మరి నిండింది దేనితో? హన్నా ఆ మణికట్టు పట్టుకుంది.

"లాగిన్ ప్రోగ్రాం ఇప్పుడు ఏ ఫైలు తెరిచి పట్టుకుని ఉందో చూడు."

నవ్య టైప్ చేసింది. వచ్చిన లైను చివర 'డిలీటెడ్' అని ఉంది.

"అరే, మూడు వారాల కింద చెరిపేసిన ఫైలు మేడమ్ ఇది. కొత్తది తెరువుమని దీనికి సిగ్నల్ పోవాలె. ఆ సిగ్నల్ పంపే లైను ఎవరో తీసేసిన్రు. అందుకే పాతదాంట్లనే రాస్కుంట కూసుంది."

"రీస్టార్ట్ చేస్తే?"

"చెయ్యి వదిలేస్తది. ఇగ దొరకదు."

పేరు చెరిపేసినా, పట్టుకున్న చెయ్యి వదలనంత సేపు ఆ ఫైలు బతికే ఉంటుంది. ఆ సంగతి గదిలో ఇంకొకరికీ తెలుసు. రంగనాథ్ కీబోర్డు మీదికి దూకాడు. హన్నా ఐడీ కార్డు అతని మెడకు తగిలింది. అతను కుర్చీతో సహా కూలిపోయాడు.

"సార్‌కి బీపీ," అంది హన్నా. "ఫైలు తెరువు."

నాలుగు కావస్తోంది. స్క్రీన్ నిండా విఫలమైన లాగిన్లే. యూజర్ నేమ్ పెట్టాల్సిన చోట ఎవరో ఉత్తరం రాసుకున్నారు.

ఈ యూజర్ లేరు: రంగనాథ్ ముఠా మనిషి
ఈ యూజర్ లేరు: వాళ్ల అకౌంట్ బ్యాకప్ టూ
ఈ యూజర్ లేరు: హన్నా, వింటున్నావా
ఈ యూజర్ లేరు: హన్నా, జవాబు లేదేం, నన్ను అనుమానిస్తున్నారు

ఆఖరిది కొత్తగూడ సిగ్నల్ నాటి ఉదయానిది. తన అడుగులు చెరుపుకోబోయి రంగనాథ్ తెలియకుండానే సెలీనా గొంతూ నొక్కేశాడు.

"బ్యాకప్ టూ తీసెయ్," అంది హన్నా.

నవ్య తీసేసిన మరుక్షణమే ముఠా తలుపు తట్టింది. సర్వర్ మర్యాదగా జవాబిచ్చింది: ఈ యూజర్ లేరు. ఊరంతా అద్దాల పెట్టెల్లో పడుకున్న పసిగుడ్లు ఊపిరి పీల్చుకుంటూనే ఉన్నారు.

ఫోన్‌లో హన్నా చెప్పిందంతా విన్నాడు చీఫ్. "రోజూ కొత్త ఫైలే చూశామా మనం?"

"అవును సార్. ఆమె పాతదాంట్లో రాస్తూనే ఉంది."

మర్నాడు నల్లగండ్లలో సెలీనా తల్లి హన్నాకి కుర్చీ వేసి, ఎదురుగా నిలబడింది.

"ఆఫీసోళ్లు ఒక్కరూ రాలేదమ్మా. నా బిడ్డ అక్కడ ఏమన్నా తప్పు చేసిందా?"

నిజం చెప్పే అధికారం హన్నాకి లేదు. అబద్ధానికి నోరు రాలేదు.

"చేసిందమ్మా," అంది ఆమె చేతులు పట్టుకుని. "రోజూ యూజర్ నేమ్ తప్పు కొట్టింది."