తొందర లేని మాట

"మేడమ్, రేపటికల్లా కావాలండి. ముందు ఒక్క బొమ్మ గీసి పంపండి, ప్లీజ్..."

తన్మయి చెవి వెనక అతుక్కుని ఉన్న మాటజల్లెడ గరగరలాడింది. కాల్ తెగిపోయింది. ఆమె తల కూడా ఎత్తలేదు. తెర మీద ఏనుగు చెవికి బూడిదరంగు పూస్తూనే ఉంది.

విజయనగరంలో ఇంట్లో కూర్చుని, ఎన్నడూ చూడని మనుషుల కోసం పిల్లల పుస్తకాలకు బొమ్మలు గీయడం ఆమె పని. ఆరేళ్ళ క్రితం ఒకతను, తమ్ముడు ఆస్పత్రిలో ఉన్నాడని బతిమాలి నలభై బొమ్మలు ముందే తీసుకుని మాయమయ్యాడు. అవి వేరే పేరుతో అచ్చయ్యాయి. ఆ ఏడే మాటజల్లెడలు వచ్చాయి. తొందరపెట్టినా, బతిమాలినా, ఏడ్చినా అది మోసగాడి గొంతుగా లెక్కకట్టి కాల్ తెంపేస్తుంది. ఆ నంబరును ఒక రోజంతా మూసేస్తుంది. అయినవాళ్ళ గొంతులను కూడా మోసగాళ్ళు అచ్చం దించేస్తున్నారని ఇంటివాళ్ళకు మినహాయింపు ఇవ్వలేదు. పనివేళల్లో జల్లెడ తీసేసినవాళ్ళకు పని దొరకదు. ఇప్పుడెవరూ మోసపోవడం లేదు.

పదకొండున్నరకు చెల్లెలు జోషిత ఫోన్ చేసింది. నాలుగు వీధుల అవతల ఉంటుంది. ఏడేళ్ళు ఎదురుచూశాక నిలిచిన కడుపు. ఎనిమిదో నెల. భర్తకు ఓడ మీద ఉద్యోగం, వచ్చే నెల దాకా రాడు. పోయిన వారం బిడ్డ కదలడం లేదని ఏడుస్తూ చేస్తే కాల్ తెగిపోయింది. అదృష్టం, కాసేపటికి బిడ్డే కదిలింది.

"ఏటక్కా, ఏనుక్కి తొండం పెట్టేవా?"

"చెవుల దగ్గరే ఉన్నానే. నీదే సుఖం, నీ బొమ్మకి అన్నీ దేవుడే పెడుతున్నాడు."

జోషిత నవ్వింది. కాస్త ఆగింది. "మరేం లేదక్కా. పొద్దున్నుంచీ పొట్ట గట్టిగా అయిపోతంది. పాప కూడా ఇవాళ కొంచెం నెమ్మదిగా ఉంది. నీకు వీలు చూసుకుని ఓసారి రా."

"నెమ్మదంటే? కదుల్తోందా?"

"కదుల్తోంది. కొంచెం తక్కువ." ఒక్కొక్క మాటనూ పళ్ళెంలో పెట్టి అందించినట్టు పలికింది.

తన్మయి తెర మూలకు చూసింది. అక్కడ, గొంతులో తొందర లేదని జల్లెడ చూపించే పచ్చ చుక్క నిలకడగా వెలుగుతోంది. ఆరేళ్ళుగా ఆమె ఆ చుక్కను నమ్ముకునే బతుకుతోంది.

"ఈ రెండు పేజీలూ పంపేసి వచ్చేస్తాను. ఎడం పక్కకి తిరిగి పడుకో."

"అలాగేనక్కా."

తన్మయి వెళ్ళేసరికి రెండు దాటింది. తలుపు తీసే ఉంది. జోషిత వంటగది గుమ్మంలో పడి ఉంది. కింద గచ్చంతా రక్తం.

"కడుపులో మాయ ముందే విడిపోయిందండి," అంది ఆస్పత్రిలో డాక్టరు. "తల్లి దక్కింది. ఇంకో గంట ముందు తీసుకొచ్చి ఉంటే..." ఆ మాట పూర్తి చెయ్యలేదు. ఆడపిల్ల. గుడ్డలో చుట్టి తీసుకెళ్ళిపోయారు.

మర్నాడు మధ్యాహ్నానికి జోషితకు పూర్తిగా తెలివి వచ్చింది. తన్మయి ఆమె చెయ్యి పట్టుకుంది.

"అప్పటికే నొప్పిగా ఉందా?"

"నిలబడలేకపోయేను. గోడ పట్టుకుని మాటాడేను."

"ఒక్క కేక వెయ్యాల్సింది కదే! నవ్వేవు కూడాను!"

"నవ్వకపోతే గొంతు వణికిపోద్ది. వణికితే తెగిపోద్ది, రేపటి దాకా మళ్ళీ కలవదు. ముందు ఏదో ఓ జోకు వేసి మొదలెట్టమని పోయిన వారం నువ్వే కదా నేర్పేవు."

"అంబులెన్సుకైనా..."

"నువ్వొస్తానన్నావు కదక్కా."

చెల్లెలు ఏడిస్తే బాగుండుననిపించింది తన్మయికి. తనను తిట్టినా బాగుండును. జోషిత కళ్ళు పొడిగా ఉన్నాయి.

అవతలి మంచం దగ్గర ఎవరో ముసలామె గుండెలు బాదుకుని, పేరు పెట్టి పిలుస్తూ ఏడుస్తోంది. జోషిత చాలాసేపు ఆమెనే చూసింది.

"అలా ఏడిస్తే ఆవిడ మాట ఎవరింటారక్కా?" అని మెల్లగా అడిగింది.