గుడ్డి రొయ్యకు కళ్ళైన ఇసుకదొందు

పవడాల దీవిని ఏలే రాజుకు శంఖాల పిచ్చి. కోట గోడల నిండా తాపించినా ఆయనకు తనివి తీరలేదు. దాంతో శంఖాల కోసం సముద్రంలో మునిగే మునిగాళ్ళు పగడపు దిబ్బల్లోకి ఇంకా లోతుకు, ఇంకా లోతుకు దిగవలసి వచ్చింది. అలా దిగి దిగి ఒకనాడు కరాళుడనే భూతానికి నిద్రాభంగం చేశారు. ఏనుగు తొండమంత లావు మలుగుపాము ఆకారం వాడిది. ఆనాటి నుంచి దిగిన మునిగాడు దిగినట్టే, పైకి తేలింది లేదు.

మునిగాళ్ళను విడిపించినవారికి అర్ధరాజ్యమని రాజు దండోరా వేయించాడు. సైన్యం ఒడ్డున బారులు తీరి నిలబడింది. అంతే, నిలబడింది. ఉప్పునీళ్ళు తగిలితే కవచాలు తుప్పు పడతాయని సేనాపతి సెలవిచ్చాడు.

అసిరి అనే పిల్ల తండ్రి, గురువులు అనే ఆయన కూడా మునిగాడే. ఆయన నడుముకు కట్టిన తాడు రెండో కొస పడవలో అసిరి చేతిలో ఉండేది. తాడు పట్టినవాళ్ళకు ఒకటే కట్టుబాటు: కింది నుంచి గుంజు వచ్చేదాకా కదలకూడదు. తొందరపడి లాగితే మునిగాడి తల దిబ్బకు కొట్టుకుంటుంది. ఆ ఉదయం అసిరి చేతులు బిగబట్టుకుని కూచుంది. గుంజు రాలేదు. ఎంతసేపటికీ రాలేదు. చివరికి లాగితే వట్టి తాడు వచ్చింది.

ఒడ్డున ఉన్న ప్రతివాడినీ బతిమాలింది. ఎవడూ తడి ఇసుక మీద కాలు పెట్టలేదు. దీవి కొసన, నడుము దాకా నీళ్ళలో కూచుని తపస్సు చేసే ముని ఒకాయన ఉన్నాడు. ఆయన వీపు మీద గుల్లలు కూడా మొలిచాయి. అసిరి ఏడుస్తూ అక్కడికి పోయింది.

“సామీ, మా నానని తెచ్చీ! నీకు శక్తులున్నాయంట గదా!”

“నా శక్తి నేను లేచి నిలబడడానికే చాలదు తల్లీ,” అన్నాడు ముని. “విను. కరాళుడు మునిగాళ్ళను పగడపు రాళ్ళుగా మార్చాడు. వాళ్ళ ఊపిరిని, తన ప్రాణాన్ని నల్ల శంఖంలో దాచి, దాని మీద గడ్డం ఆనించి పడుకున్నాడు. ఈ పోటు తీసి నీళ్ళు వెనక్కి పోయేలోగా శంఖం పగలకపోతే వాళ్ళు రాళ్ళుగానే ఉండిపోతారు. దాన్ని పగలగొట్టగలిగింది చిటికెరొయ్య ఒక్కటే. అది కొండి బిగించి చిటికె వేస్తే రాయి కూడా చిట్లుతుంది. కానీ దానికి చూపు లేదు. ఇసుకదొందు అనే చిన్న చేప తోడుంటేనే బొరియ దాటుతుంది. కరాళుడికి భయపడి ఆ చేపలన్నీ పారిపోయాయి.”

“అయితే నానేటి సెయ్యాల?”

“నువ్వే ఇసుకదొందువి కావాలి. శంఖం పగిలితే నీ రూపం నీకొస్తుంది. పగలకపోతే, ఎవడి నోట్లోకో పోయేదాకా చేపవే.”

అసిరి సరేనంది. వేరే దారేదైనా ఉంటే అనేది కాదు.

ముని తడిచెయ్యి తల మీద పెట్టగానే ఆమె వేలెడంత అయిపోయింది. చేతులు లేవు, కాళ్ళు లేవు. అల ఎటు తోస్తే అటు పోయి దిబ్బకు కొట్టుకుంది. చివరికి ఒక బొరియ ముందు పడింది. లోపలి నుంచి ముసలి రొయ్య ఒకటి ఇసుక తోసుకుంటూ వచ్చింది.

“ఎవులది?”

“ఇసుకదొందుని తాతా. నల్ల శంఖం కాడికి తీసుకెల్తాను, రా. మా నాన రాయైపోనాడు.”

“దొందువే? కల గానీ కంతన్నానేటి!” రొయ్య మీసం చాచి ఆమె తోకను తడిమింది. “నిజిమే! సరే, నా మీసం నీ తోక మీదుంటాది. అపాయమొస్తే తోక ఆడించు, దొరికిన కన్నంలో దూరిపోదుం. తోక ఊరుకుందంటే నాను నడుస్తానే ఉంటాను.”

ఇద్దరూ బయలుదేరారు. ఇసుక మైదానం నడిమికి వచ్చేసరికి గొడుగంత బల్లపరుపు టేకుచేప నీడ మీద పడింది. అసిరి చూసింది. చూసి, పడవలో అలవాటు కొద్దీ బిగుసుకుపోయి గుంజు కోసం ఎదురుచూసింది. టేకుచేప దబ్బున దిగి ఇసుక రేపి పోయింది. రొయ్య మీసం ఒకటి తెగిపోయింది.

“కల్లున్నదానివి, సూసి ఊరుకున్నావేటే!”

“గుంజు నువ్వే ఇత్తావనుకున్నాను తాతా. మా పడవలో కిందున్నోలే గుంజుతారు.”

“గుడ్డోడు గుంజీదేటే గుంటా! ఇక్కడ కల్లున్నోలే గుంజాల. ఇంక ఒక్క మీసమే ఉంది. అదీ పోతే నానూ రాయినే.”

ఆ తర్వాత అసిరి ప్రతి నీడకూ తోక ఆడించింది. పీత కదిలితే కన్నంలోకి, నాచు ఊగితే కన్నంలోకి. ఎదురు నీరు తోసేస్తే వచ్చిన దారే మళ్ళీ నడిచారు. ఇంతలో పోటు తీయడం మొదలైంది. తనకంటే నీళ్ళే వేగంగా పోతున్నాయని తెలిసి కూడా ఆమె ఏమీ చెయ్యలేకపోయింది.

ఎలాగో గుహ చేరారు. లోపల మునిగాళ్ళు రాళ్ళై నిలబడి ఉన్నారు. వాళ్ళలో గురువులు. “నానా!” అని పిలిచింది. రాయి పలకలేదు. కరాళుడు మాత్రం కన్ను తెరిచాడు.

“ఎవరది? నా పంటి సందుకు కూడా చాలవు. నన్నేం చేద్దామని వచ్చావు?”

“ఏటీ సెయ్యలేను,” అంది అసిరి. అది అబద్ధం కాదు.

వాడు నవ్వి నోరు తెరిచి, ఆమెను నడుము దాకా లోపలికి తీసుకున్నాడు. తోక ఒక్కటే బయట మిగిలింది.

“ఎవులే ఆ మాటాడీది?” రొయ్య ఆగింది. “అపాయమేటే?”

బదులు చెప్పడానికి నోరు భూతం నోట్లో ఉంది. పళ్ళు నెమ్మదిగా దిగుతున్నాయి. చేప ఒళ్ళంతా గిలగిల కొట్టుకోమంటోంది. తోక కదిలితే రొయ్య పారిపోతుంది, తండ్రి రాయిగా మిగిలిపోతాడు. అసిరి తోకను బిగబట్టింది. ఆమె చెయ్యగలిగింది అదొక్కటే.

“సరే, తోక ఊరుకుంది,” అనుకుని రొయ్య ముందుకు నడిచింది. కొండి భూతం గడ్డం కిందున్న శంఖానికి తగిలింది. చిటికె వేసింది.

సముద్రం ఉలిక్కిపడింది. శంఖం ముక్కలైంది. కరాళుడు ఇసుకై కూలిపోయాడు. రాళ్ళలోకి ఊపిరి తిరిగొచ్చింది. తన రూపంలోకి వచ్చిన అసిరి ఒక చేత్తో తండ్రిని, రెండో గుప్పిట్లో రొయ్యను పట్టుకుని పైకి తేలింది.

తీరం దగ్గర బొరియ ముందు దించగానే రొయ్య అడిగింది: “తోకెందుకు ఆడించలేదే?”

“ఆడిత్తే నువ్వు పారిపోదువు.”

“పారిపోదును.” రొయ్య కొండి ముడుచుకుంది. “నమ్మినోడిని సావులోకి నడిపించినావు. ఇంకెప్పుడూ ఏ గుడ్డోడికీ అలాగ సెయ్యకు.”

అసిరి తల దించుకుంది. అంతలో పారిపోయిన ఇసుకదొందులు ఒక్కొక్కటే దిబ్బల చాటు నుంచి తిరిగి రాసాగాయి. ఒకటి వచ్చి బొరియ దగ్గర ఆగింది. రొయ్య చాలాసేపు తడుముకుని, మిగిలిన మీసాన్ని దాని తోక మీద వేసింది.

రాజ్యంలో ఏ సగం కావాలో కోరుకొమ్మని రాజు అంటే అసిరి సముద్రం ఉన్న సగం అడిగింది. వట్టి నీళ్ళే కదా అని మంత్రులు ముసిముసిగా నవ్వుకున్నారు. ఆ పూటే కిరీటం పెట్టారు, పెట్టగానే ఆమె శాసనం చేసింది: దిగడమూ దిగకపోవడమూ మునిగాడి ఇష్టం, ఎవరి కోసమూ ఎవరినీ నీళ్ళలోకి తొయ్యరాదు.

కిరీటం బరువుకు మెడ నొప్పితో ఇంటికొచ్చిన కూతురిని చూసి గురువులు నవ్వాడు.

“రాణీగోరూ, రాయైన కాణ్ణించి కడుపులో ఏటీ లేదు. కాసింత కూడెడతారేటి?”

“ఎడతాను గానీ, సేపల పులుసు మాత్తరం ఒండను నానా.”

“వొద్దులే తల్లీ. సింతకాయ పచ్చడెయ్యి.”